కింది ఫ్లాట్ సీలింగుకు నెమ్ము: టైల్స్ పగలగొట్టకముందే లీకు ఎక్కడిదో తేల్చుకోవడం ఎలా?

పైఅంతస్తు వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా బాత్రూమును ఆనుకుని ఉన్న పడకగదికి సరిగ్గా కింద, కింది ఫ్లాట్ వారి సీలింగుకు కొన్ని నెలలుగా నెమ్ము ఎక్కుతోంది. మొదట ఫ్యాను బిగించిన డబ్బా చుట్టూ అరచేతి వెడల్పున మసకగా కనిపించిన మరక ఇప్పుడు బాత్రూము వైపు గోడ దాకా పాకింది. అంచున పసుపుపచ్చని గీత ఉంది, లోపల దానికన్నా చిన్నవి మరికొన్ని గీతలు ఉన్నాయి. రంగు బుడగలు లేచి అక్కడక్కడ పొరలుగా ఊడుతోంది గానీ ఇంతవరకు పెచ్చులు రాలలేదు, చుక్కలు కారలేదు.

ఒక మేస్త్రి వచ్చి చూసి, గోడలో పోయే సీపీవీసీ (వేడి నీటికి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) లైనుకు జాయింటు వదిలిందని చెప్పారు. మరొకరు సన్‌కెన్ స్లాబుకు (బాత్రూము కింద గుంతగా దించి వేసిన స్లాబుకు) వేసిన వాటర్‌ప్రూఫింగ్ పోయిందన్నారు. కారణం దగ్గర విడిపోయినా మందు దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటయ్యారు: బాత్రూము టైల్స్ మొత్తం తీసేయాలట.

మాకు నీరు పైకప్పు మీది ట్యాంకు నుంచి వస్తుంది. బాత్రూములో షవరు, గీజరు, వాష్ బేసిన్, కమోడు, నేల మీది నీరు మురుగు లైనులోకి పోయే ఒక నహానీ ట్రాప్ ఉన్నాయి. పడకగదిలో ఏసీ కూడా ఉంది. పగలగొట్టడానికి మేము వెనుకాడటం లేదు గానీ, ఎక్కడ పగలగొట్టాలో తెలియకుండా మొదలుపెట్టడం మాత్రం ఇష్టం లేదు. లీకు మంచినీటి లైనుదా, మురుగు లైనుదా, నేల గుండా దిగుతున్నదా అనేది ఇంట్లోనే తేల్చుకునే పరీక్షలు ఏమైనా ఉంటే, అనుభవం ఉన్నవారు వివరించగలరు.

పైపుపని మేస్త్రి

మీరు రాసిన వాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఆ గీతల సంగతి. స్లాబు గుండా దిగిన నీరు ఆరిపోయేటప్పుడు, తనలో కరిగి ఉన్న ఉప్పులను, మురికిని తడి ఎంతవరకు పాకిందో ఆ అంచున వదిలేస్తుంది. ఒకదాని లోపల ఒకటిగా గీతలు పడ్డాయంటే అక్కడ తడి నిలకడగా లేదని, వచ్చి ఆరి మళ్ళీ వస్తోందని అర్థం. నీరు ఆగకుండా వచ్చే చోట మరక ఎప్పుడూ ముదురు రంగులో, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది తప్ప ఇన్ని గీతలు పడవు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, మంచినీటి లైనులో రాత్రీ పగలూ ఒత్తిడి ఉంటుంది. ట్యాంకులో నీటిమట్టం కొళాయికన్నా 10 మీటర్లు ఎత్తున ఉంటే లైనులో దాదాపు 1 బార్ ఒత్తిడి ఉన్నట్లు. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఆ ఒత్తిడి పోదు, కాబట్టి ఆ లైనులో చిల్లు పడితే నీరు కారుతూనే ఉంటుంది. మురుగు లైను అలా కాదు, అందులో నీళ్ళు పోసినప్పుడే నీళ్ళు ఉంటాయి, అప్పుడే కారుతుంది. అందువల్ల మరక ఎప్పుడు ముదురుతోందో ముందు గమనించండి. మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ, సమయం రాయమని కింది ఇంటివారిని కోరండి. మీరు ఊరికి వెళ్ళే వారాంతం ఉంటే, మొదటిసారి మీ ఫ్లాట్‌కు వచ్చే మంచినీటి లైను వాల్వు తెరిచే ఉంచి వెళ్ళండి, మరోసారి వాల్వు కట్టేసి వెళ్ళండి. రెండు సందర్భాల్లోనూ మరక ఎలా ఉందో వారు చెప్పే మాట సగం వివాదాన్ని తీరుస్తుంది.

తర్వాత మంచినీటి లైనును నేరుగా పరీక్షించాలి. మీ ఫ్లాట్‌కు వచ్చే లైను మీది గేట్ వాల్వును కట్టేసి, ఏదైనా కొళాయి తెరవండి. పైపులో మిగిలిన నీరు పోయాక ధార పూర్తిగా ఆగిపోవాలి. నూలుపోగంత ధార వదలకుండా వస్తూనే ఉంటే, ఆ వాల్వు లోపలి బిళ్ళ సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట. అప్పుడు దానితో చేసే పరీక్ష ఏదీ నమ్మదగినది కాదు, ఎందుకంటే లీకులో పోయిన నీటిని వాల్వు దాటి వచ్చే నీరు పూడ్చేస్తుంది, ఒత్తిడి చూపే గేజి ముల్లు కదలదు, లైను బాగుందనుకుని మోసపోతాం. ఏళ్ళ తరబడి ఎవరూ తిప్పని గేట్ వాల్వుల్లో ఈ లోపం మామూలే. ముందు వాల్వు మార్చించండి.

వాల్వు బాగుంటే షవరు తీసేసిన చోట ప్రెషర్ గేజి బిగించండి. కమోడు ఫ్లష్ ట్యాంకుకు వెళ్ళే యాంగిల్ కాక్ (గోడ దగ్గరి చిన్న కొళాయి) కట్టేయండి, లేకపోతే లోపలి ఫ్లోట్ వాల్వు కారినా ముల్లు పడిపోయి గోడలో లీకున్నట్లు కనిపిస్తుంది. గీజరు ఆపేసి నీరు పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. చల్లారే నీరు కుంచించుకుపోతుంది కాబట్టి వేడి లైనులో లీకు లేకపోయినా ముల్లు దిగుతుంది. లైనులో గాలి మిగలకుండా కొళాయిలన్నీ ఒకసారి పారించి, గేజి ఉన్న షవరు కొళాయి తప్ప మిగతావి కట్టేసి, ముల్లు ఎక్కడ నిలబడిందో చూసి, అప్పుడు మెయిన్ వాల్వు కట్టండి. చల్లని లైను, వేడి లైను వేర్వేరుగా చూడాలి. మిక్సర్ కొళాయి సరిగ్గా మూసుకోకపోతే ఒక లైను ఒత్తిడి మరో లైనులోకి పోయి లెక్క తప్పుతుంది.

ట్యాంకు ఒత్తిడికి ముల్లు నిలబడితే లైను నిర్దోషి అని అప్పుడే తీర్పు చెప్పకండి. చేతి పంపుతో నీటిని ఎక్కించి, లైను మామూలుగా పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి చూస్తే సన్నని పగుళ్ళు కూడా బయటపడతాయి. కంప్రెసరుతో గాలి పెట్టి చూస్తామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. గాలి ఒత్తిడికి పగిలిన ప్లాస్టిక్ పైపు ముక్కలై ఎగిరి మనుషులను గాయపరుస్తుంది.

ముల్లు పడిపోతే గోడంతా చెక్కక్కరలేదు. కొళాయి వెనక గోడలో ఉండే ఇత్తడి మర ఎల్బోను (పైపు మలుపు ముక్కను) ముందు అనుమానించండి. కొళాయిని దానికి కలిపే ఎక్స్‌టెన్షన్ నిప్పల్‌కు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి, రెంచితో బలంగా తిప్పి బిగిస్తే, ఇత్తడి చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కు వెంట్రుకంత బీట పడి ఏడాది తర్వాతో రెండేళ్ళ తర్వాతో నీరు వదులుతుంది. రెండో అనుమానం గీజరు నుంచి వచ్చే వేడి లైను మీద. సీపీవీసీ పైపు 3 మీటర్ల పొడవున 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. సిమెంటుతో గట్టిగా బిగదీసిన గోడలో ఆ సాగుడంతా మూలల్లోని ఎల్బోల మీద పడుతుంది.

మురుగు లైనుకు రంగు పరీక్ష చాలు. ఒక రోజు నహానీ ట్రాప్‌లో, మరో రోజు కమోడులో, వేర్వేరు రంగులు కలిపిన నీళ్ళు బకెట్లతో పోయండి. బేసిన్ నీరు చాలా ఇళ్ళలో నేల కింద నుంచి నహానీ ట్రాప్‌లోకే వస్తుంది, కాబట్టి బేసిన్ వాడినప్పుడు మరక ముదిరితే తప్పు బేసిన్‌దని తొందరపడకండి.

కట్టడాల ఇంజనీరు

మేస్త్రి గారు చెప్పిన క్రమంతో ఏకీభవిస్తూనే, సన్‌కెన్ స్లాబు ఉన్న ఇళ్ళలో “ఎప్పుడు ముదురుతోంది” అనే ఆధారం బలం తగ్గుతుందని చెప్పాలి. గుంతగా దించిన ఆ స్లాబులో నింపిన ఇటుక ముక్కలు, ఇసుక నీటిని గోనెసంచిలా పీల్చి పట్టుకుంటాయి. పైన వాడకం ఆపినా కింద తడి రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి దిగుతూనే ఉంటుంది. కనుక మీరు రెండు రోజులు లేకపోయినా మరక ఆరలేదంటే అది మంచినీటి లైను తప్పేనని నిర్ధారించలేము. అందుకే గేజి పరీక్షకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. రంగు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది: కింద రంగు కనిపిస్తే అది గట్టి సాక్ష్యమే, కనిపించకపోతే మాత్రం ఏమీ రుజువు కానట్లే, ఎందుకంటే ఆ పూడిక రంగును వడగట్టి ఆపేయగలదు.

మరక ఫ్యాను డబ్బా దగ్గర మొదలైందని రాశారు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. స్లాబులోకి దిగిన నీరు నిట్టనిలువుగా కిందికి రాదు. కాంక్రీటులో వేసిన కరెంటు వైర్ల గొట్టం (కాండ్యూట్) దొరికితే దాని వెంటే పారి, ఆ గొట్టం ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ, అంటే ఫ్యాను డబ్బా దగ్గరో లైటు పాయింటు దగ్గరో బయటపడుతుంది. అందువల్ల మరక ఉన్న చోటికి నేరుగా పైన పగలగొట్టడం వృథా. మీ మరక బాత్రూము గోడ వైపు పాకుతోంది కాబట్టి నీరు ఆ వైపు నుంచే వస్తోందని అనుకోవడానికి కొంత ఆధారం ఉంది. ఈలోగా కింది ఇంటివారిని ఆ ఫ్యాను సర్క్యూటు ఎంసీబీని (కరెంటు బోర్డులోని బ్రేకరును) ఆపేయమని ఈరోజే చెప్పండి. తడి డబ్బాలో వైర్ల జాయింట్లు ఉంటాయి, స్విచ్ ఆపినంత మాత్రాన అక్కడ కరెంటు లేదని అనుకోకూడదు.

నేల గుండా దిగుతోందా అన్నది నీరు నిలిపి చూసే పరీక్షతో తేలుతుంది. నహానీ ట్రాప్ గొంతులో రబ్బరు ప్లగ్గు బిగించి, గడప దగ్గర సిమెంటుతో చిన్న కట్ట కట్టి, నేల మీద 25 మిల్లీమీటర్ల నీరు నిలిపి, గోడ టైలు మీద మట్టం గుర్తు పెట్టండి. కనీసం 24 గంటలు ఉంచాలి. సన్‌కెన్ స్లాబు అయితే 48 గంటలు ఉంచడం మేలు. ఆవిరయ్యే నీటి లెక్క తెలియడానికి పక్కనే ఒక వెడల్పాటి పళ్ళెంలో అంతే లోతు నీరు ఉంచండి. నేల మీది నీరు పళ్ళెంలోని నీటికన్నా ఎక్కువగా తగ్గితే ఆ తేడా కిందికి దిగినట్లే. టైల్స్ మధ్య నింపే గ్రౌటు నీటిని ఆపుతుందనే నమ్మకం సరైనది కాదు. నీటిని ఆపాల్సింది టైల్స్ కింద వేసిన వాటర్‌ప్రూఫ్ పొర. అది సాధారణంగా వదిలేసే చోట్లు గోడ, నేల కలిసే మూలలు, ట్రాప్ అంచు, పైపులు స్లాబును దాటే రంధ్రాలు.

ఇక ప్లంబింగుతో సంబంధం లేని నీటిని కూడా లెక్కలోంచి తీసేయాలి. ఏసీ నీటి గొట్టం గోడలో పోతూ పూడుకుపోతే అచ్చంగా ఇలాంటి మరకే వస్తుంది, కాకపోతే ఏసీ వాడే కాలంలోనే ముదురుతుంది. వర్షపు నీరు బయటి గోడ పగుళ్ళ గుండా వస్తే వాన వెలిశాక కొన్ని గంటలకో మర్నాడో తెలుస్తుంది. నేల నుంచి పైకి ఎక్కే చెమ్మ, అంటే గోడలు అడుగున చౌడు పట్టడం, కింది అంతస్తు గోడల్లో మీటరు ఎత్తు వరకు కనిపించేదే తప్ప సీలింగుకు వచ్చేది కాదు. గదిలోని గాలి చెమ్మ చల్లని పైపు మీద, చల్లని గోడ మీద చెమర్చడం మరో రకం. గోడ మీద అనుమానం ఉంటే తుడిచి ఆరబెట్టి, ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. గది వైపు నీటిబిందువులు పడితే గాలిలోని తేమ, గోడ వైపు పడితే లోపలి నుంచి వస్తున్న తేమ.

సీలింగు మీద తెల్లటి పొడి తేలిందేమో చూడండి. నీరు కాంక్రీటులోని సున్నాన్ని, ఉప్పులను కరిగించి తెచ్చిందనడానికి అది గుర్తు. అంతకన్నా ఆందోళన పడాల్సింది ఎర్రటి తుప్పు మరక కనిపిస్తేనే. కాంక్రీటులోని క్షారగుణం ఇనుప చువ్వలను కాపాడుతుంది. తడి, గాలి కలిసి చాలా కాలం లోపలికి వెళితే ఆ రక్షణ పోతుంది, తుప్పు పట్టిన ఇనుము ముందుకన్నా రెండు మూడు రెట్లకు పైగా చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచి పగలదీస్తుంది. మీరు రాసిన దాన్నిబట్టి ఆ దశ రాలేదు.

తేమ కొలిచేవాడు

యంత్రాలతో లీకు కనిపెడతామని వచ్చేవారి గురించి ఒక మాట చెప్పాలి. థర్మల్ కెమెరా నీటిని చూడదు, గోడ ఉపరితలం వేడిని మాత్రమే చూస్తుంది. తడి ఆవిరయ్యే చోటు చల్లబడి వేరే రంగులో కనిపిస్తుంది కాబట్టి తడి ఎంత మేర ఉందో చెప్పగలదు గానీ చిల్లు ఎక్కడుందో చెప్పలేదు. వేడి నీటి లైను లీకుకైతే ఇది బాగా పనికొస్తుంది. గీజరు వేసి ఆ లైనులో వేడి నీరు పారించి చూస్తే, లీకైన చోట వెచ్చదనం పైపు గీతను దాటి వెడల్పుగా పరుచుకుంటుంది. రెండు సూదుల తేమ మీటరు గోడలోని విద్యుత్ వాహకతను కొలుస్తుంది, ఉప్పు తేలిన గోడ ఎండిపోయి ఉన్నా తడిగా ఉన్నట్లు చూపిస్తుంది. కాబట్టి ఒకచోట వచ్చిన అంకెను నమ్మకుండా, మంచి గోడ మీద, మరక మీద, వారం తేడాతో అదే చోట్ల కొలిచి పోల్చాలి. ధ్వనిని వినే పరికరాలు ఒత్తిడి ఉన్న లైనుకే, అదీ నీరు చిమ్ముతుంటేనే. చుక్కచుక్కగా కారే మురుగు జాయింటు దగ్గర వినడానికి శబ్దమే ఉండదు.

నీటి మీటరు ఉన్నవారు అన్ని కొళాయిలూ కట్టేసి మీటరు మీది చిన్న చక్రం తిరుగుతోందేమో చూడటం మంచిదే. అది నిశ్చలంగా ఉంటే పెద్ద లీకు లేదని మాత్రమే అర్థం. సెకనుకొక చుక్క కారితే, చుక్కలు 20 కలిస్తే ఒక మిల్లీలీటరు అనుకున్నా, రోజుకు 4 లీటర్లు దాటుతుంది. సీలింగును పాడుచేయడానికి అంత నీరు చాలు, మీటరు చక్రాన్ని తిప్పడానికి మాత్రం చాలకపోవచ్చు.

పైఅంతస్తు వాసి

అందరికీ ధన్యవాదాలు. మేస్త్రి గారు అనుమానించినట్లే మా గేట్ వాల్వు పూర్తిగా మూసుకోలేదు, దాన్ని మార్పించాకే గేజి పరీక్ష చేయించాము. చల్లని లైనులోనూ వేడి లైనులోనూ ముల్లు కదలలేదు, చేతి పంపుతో ఒత్తిడి పెంచినా నిలబడింది. నేల మీద నీరు నిలిపినప్పుడు పళ్ళెంలో తగ్గినంతే నేల మీదా తగ్గింది, కింద మరక కూడా ముదరలేదు. తర్వాత నేలకు తగలకుండా గొట్టం పెట్టి నహానీ ట్రాప్‌లోకే ఆకుపచ్చ రంగు నీళ్ళు బకెట్ల కొద్దీ పోశాము. వెంటనే ఏమీ కనిపించలేదు; పరీక్ష విఫలమైందని అనుకుంటుండగా ఫ్యాను డబ్బా అంచున లేత ఆకుపచ్చ చెమ్మ కనిపించిందని కింది ఇంటివారు ఫోటో పంపారు. వారు ఎంసీబీ ముందే ఆపేశారు. దీన్నిబట్టి ట్రాప్ చుట్టూ మాత్రమే తెరిస్తే సరిపోతుందా? బాగుచేశాక సీలింగుకు రంగు ఎప్పుడు వేయించవచ్చు?

పైపుపని మేస్త్రి

ట్రాప్ చుట్టూ నాలుగైదు టైల్స్ తీస్తే చాలు. ట్రాప్ నుంచి బయటికి వెళ్ళే పైపు పొట్టిగా కోయడం వల్ల సాకెట్‌లోకి పూర్తిగా దిగకపోవడం, సాల్వెంట్ సిమెంటు (ప్లాస్టిక్ పైపులను అతికించే జిగురు) వేయాల్సిన చోట మామూలు సిమెంటుతో మెత్తేయడం, ఈ రెండింటిలో ఒకటి మీకు కనిపించవచ్చని నా అంచనా. పాత అతుకు మీద పూత పూసి మూయనివ్వకండి; ఆ ముక్క కోసి కొత్త ట్రాప్, కొత్త జాయింటు వేయించండి. పూడిక తిరిగి నింపక ముందే, పైపు దిగువన ప్లగ్గు బిగించి ట్రాప్ నిండా నీరు పోసి, జాయింటు చుట్టూ పొడి కాగితం చుట్టి చూడాలి. కాగితం తడిస్తే అప్పుడే సరిచేయడం తేలిక. బేసిన్ నుంచి ట్రాప్‌కు వచ్చే పైపును కూడా ఆ తెరిచిన గుంతలోంచే ఒకసారి చూడండి.

కట్టడాల ఇంజనీరు

తెరిచినప్పుడు పాత వాటర్‌ప్రూఫ్ పొర కోసుకుపోతుంది. కొత్త పొరను పాతదాని మీదికి కనీసం 10 సెంటీమీటర్లు ఎక్కేలా వేయించి, ఆ తర్వాత మరోసారి నీరు నిలిపి చూశాకే టైల్స్ అతికించండి. పూడిక తడిసి ఉంటే ఆ గుంతను కొన్ని రోజులు తెరిచే ఉంచి ఫ్యాను గాలి తగిలేలా చేయండి, లేకపోతే అందులో నిలిచిన నీరు కిందికి దిగుతూనే ఉంటుంది, బాగుచేసిన పని పోయిందని మీరు మళ్ళీ కంగారుపడతారు. అలాంటి అనుమానం వస్తే పెన్సిలు గీతనే చూడండి. మరక ఉన్నంత మేరలో ఉండి పాలిపోతుంటే అది పాత నీరు, గీత దాటి పాకితే కొత్త నీరు.

రంగుకు తొందరపడవద్దు. తడి ఆగాక గోడలు, కాంక్రీటు ఆరడానికి 25 మిల్లీమీటర్ల మందానికి దాదాపు ఒక నెల పడుతుందని ఒక మోటు లెక్క ఉంది. గాలి, ఎండ, గది వాడకాన్నిబట్టి అది మారుతుంది. ఊడిన రంగును, బుడగలు లేచిన పుట్టీని ఇప్పుడే గీకించేస్తే స్లాబు త్వరగా ఆరుతుంది. తేలిన ఉప్పును పొడి బ్రష్షుతో దులపండి, నీటితో కడిగితే అది మళ్ళీ లోపలికే పోతుంది. కింది వైపు నుంచి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తామని ఎవరైనా చెబితే వద్దనండి, అది స్లాబులోని తడిని బయటికి రానీయకుండా చువ్వల దగ్గరే ఉంచేస్తుంది. తేమ మీటరు అంకె మంచి గోడ మీది అంకెకు దగ్గరగా వచ్చి, రెండు మూడు వారాలు అక్కడే నిలిచాక పుట్టీ పెట్టించవచ్చు. ఫ్యాను డబ్బాను మాత్రం ఎలక్ట్రీషియన్ విప్పి, కాండ్యూట్‌లో నీరు మిగల్లేదని చూసి, తుప్పు పట్టిన కొక్కేన్ని, వైర్ల జాయింట్లను మార్చి, ఇన్సులేషన్ పరీక్ష చేశాకే ఎంసీబీ వేయమని కింది ఇంటివారికి చెప్పండి.